జావా, డాట్‌నెట్, పైథాన్, పీహెచ్‌పీ: వేర్వేరు భాషల మధ్య వెబ్ సర్వీసు కట్టి కలపడం ఎలా?

"పోస్ట్‌మ్యాన్‌లో వస్తోంది, మా కోడ్‌లో రావట్లేదు." మాదాపూర్ ఆఫీసుల నుంచి అమీర్‌పేట హాస్టల్ గదుల దాకా నాకు వచ్చే ప్రశ్నల్లో చాలావరకు ఈ ఒక్క మాటకు రకరకాల రూపాలే. (పోస్ట్‌మ్యాన్ అంటే కోడ్ రాయకుండానే సర్వీసును పిలిచి చూసే టూల్. వెబ్ సర్వీసు అంటే నెట్‌వర్క్ మీద అడిగినవాళ్లకు జవాబిచ్చే ప్రోగ్రాం, దాన్ని పిలిచేది క్లయింట్.) సర్వీసు జావాలో ఉంటుంది, పిలిచేది డాట్‌నెట్. లేదా సర్వీసు పైథాన్‌లో ఉంటుంది, పిలిచేది పాత పీహెచ్‌పీ సైటు. ఎవరి భాష వాళ్లకు బాగానే వచ్చు. మధ్యలో నెట్‌వర్క్ మీద అసలు ఏం వెళ్తోందో మాత్రం ఎవరూ తెరిచి చూడరు.

ఈ మార్గదర్శి ఆ మధ్య భాగం గురించే. కోడ్ ముక్కలు ఇవ్వడం లేదు, అవి ఏ భాషకైనా ఐదు నిమిషాల్లో దొరుకుతాయి. ఏది ముందు చేయాలి, ఎక్కడ తేడా కొడుతుంది, కొడితే ఎక్కడ వెతకాలి అన్నది చూద్దాం.

ఉదాహరణకు కూకట్‌పల్లిలో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఇంటింటికీ వేసే వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. చిన్నదే, కానీ ఇందులో అన్ని రకాల చిక్కులూ వస్తాయి.

## 1. ముందు కాగితం మీద: ఎవరు ఎవరిని పిలుస్తారు?

మన వ్యాపారంలో ఉన్నవి ఇవి:

- ఆర్డర్ల సర్వీసు: జావా, స్ప్రింగ్ బూట్, క్లౌడ్ సర్వర్ మీద
- కౌంటర్ దగ్గర బిల్లింగ్: సీ షార్ప్, విండోస్ పీసీ మీద
- కస్టమర్ల వెబ్‌సైట్: పీహెచ్‌పీ
- డెలివరీ కుర్రాళ్ల యాప్: ఆండ్రాయిడ్
- రాత్రి లెక్కలు తీసే స్క్రిప్ట్: పైథాన్
- ఖాతాలు: ట్యాలీ

ఒక్కో దాన్ని గడిలా వేసి, మధ్యలో బాణాలు గీయండి. ప్రతి బాణం పక్కన నాలుగు జవాబులు రాయండి.

- పిలుపు ఎటు నుంచి మొదలవుతుంది?
- రోజుకు ఎన్నిసార్లు? నిమిషానికోసారా, రాత్రికోసారా?
- జవాబు రాకపోతే అవతలివాళ్ల పని ఆగిపోతుందా?
- ఇద్దరి దగ్గరా వేర్వేరు లెక్క ఉంటే ఎవరిది నిజం?

నాలుగో ప్రశ్నను అందరూ దాటేస్తారు. క్యాన్ ధర బిల్లింగ్ పీసీలో ఒకటి, సర్వీసులో ఇంకొకటి ఉన్నప్పుడు ఎవరి మాట చెల్లుతుందో ముందే తేల్చుకోకపోతే, తర్వాత దాన్ని కోడ్‌తో సరిచేయలేరు. యజమానిని కూర్చోబెట్టి అడగండి.

## 2. రెస్ట్ లేదా సోప్: ఎక్కువ ఆలోచించొద్దు

కొత్తగా కడుతున్నారా? రెస్ట్ పద్ధతిలో (మామూలు వెబ్ చిరునామాలను పిలిచే తీరు), జేసన్‌తో (పేరు, విలువ జతలుగా రాసే టెక్స్ట్ రూపం) కట్టండి. అవతలివాళ్లు డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు (సర్వీసులో ఏమేం పిలవొచ్చో చెప్పే ఎక్స్‌ఎంఎల్ ఫైలు) చేతికిచ్చారా? అప్పుడు సోప్ (మెసేజ్‌లు ఎక్స్‌ఎంఎల్ కవరులో వెళ్లే పాత పద్ధతి) తప్ప దారి లేదు, వాదించి లాభం లేదు. పాత బ్యాంకింగ్, బీమా, ప్రభుత్వ వ్యవస్థలతో పని పడితే సోప్ ఇప్పటికీ ఎదురవుతుంది.

సోప్ అయితే మొదట చూడాల్సింది వెర్షన్. 1.1లో కంటెంట్ టైప్ (బాడీ ఏ రూపంలో ఉందో చెప్పే హెడర్; హెడర్లంటే రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే వివరాల వరుసలు) "టెక్స్ట్/ఎక్స్‌ఎంఎల్", పైగా సోప్ యాక్షన్ అనే హెడర్ విడిగా వెళ్లాలి. 1.2లో కంటెంట్ టైప్ "అప్లికేషన్/సోప్+ఎక్స్‌ఎంఎల్", యాక్షన్ కూడా అందులోనే ఇమిడి వెళ్తుంది. సర్వర్ ఒక వెర్షన్, క్లయింట్ ఇంకో వెర్షన్ అయితే 415 గానీ, అర్థంకాని 500 గానీ వస్తుంది (ఈ నంబర్ల సంగతి 10వ భాగంలో). కోడ్ చూస్తూ గంటలు పోగొట్టుకునే ముందు ఈ ఒక్క హెడర్ చూడండి.

## 3. ఒప్పందం రాయండి: అసలు పని ఇక్కడే

కోడ్ కంటే ముందు ఓపెన్ ఏపీఐ ఫైలు రాయండి. ఏ చిరునామాకు, ఏ పద్ధతిలో, ఏ గడులతో (ఫీల్డులతో) రిక్వెస్ట్ వస్తుంది, ఏం తిరిగి వెళ్తుంది అన్నదంతా అందులో ఉండాలి. ఆ ఫైలు నుంచే జావాకు, సీ షార్ప్‌కు, పైథాన్‌కు క్లయింట్ కోడ్ తయారుచేసే టూల్స్ ఉన్నాయి. "డెవలప్‌మెంట్ అయ్యాక డాక్యుమెంట్ రాస్తాం" అనేవాళ్లు ఎప్పటికీ రాయరు.

ఒక్కో గడికి రకం నిర్ణయించేటప్పుడు ఈ ఐదింటి దగ్గర ఆగండి.

డబ్బు. రూపాయలను దశాంశంతో పంపొద్దు. చాలా భాషల్లో మామూలు దశాంశ సంఖ్యలు 0.1కీ 0.2కీ కూడిక సరిగ్గా 0.3 అని చెప్పవు. పైసల్లో పూర్ణాంకంగా పంపండి: 35 రూపాయల క్యాన్ అంటే 3500. కొన్ని పేమెంట్ గేట్‌వేలు కూడా ఇలాగే అడుగుతాయి. గడి పేరులోనే పైసలు అని ఉంటే, రూపాయలనుకుని వంద రెట్లు బిల్లు వేసే ప్రమాదం తప్పుతుంది.

ఐడీలు. ఆర్డర్ నంబరు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఇవన్నీ స్ట్రింగ్‌గానే వెళ్లాలి. జావాస్క్రిప్ట్ కచ్చితంగా పట్టుకోగల అతిపెద్ద పూర్ణాంకం 9007199254740991. అంతకంటే పెద్ద ఐడీని సంఖ్యగా పంపితే చివరి అంకెలు చప్పుడు లేకుండా మారిపోతాయి. ఎర్రర్ కూడా రాదు. జావా వైపు సరిగ్గానే ఉంటుంది, బ్రౌజర్‌లో మాత్రం పక్కింటివాళ్ల ఆర్డర్ తెరుచుకుంటుంది. ఖాతా నంబర్లకైతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

సమయం. తేదీ, టీ అక్షరం, సమయం, చివర +05:30. ఆ చివరి భాగం లేకుండా ఎవరైనా పంపితే తీసుకోకండి. క్లౌడ్ సర్వర్ల గడియారం సాధారణంగా యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రామాణిక సమయం) ఉంటుంది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 5 గంటలకు వేసిన ఆర్డర్, యూటీసీ ప్రకారం ముందురోజు రాత్రి 11:30కి వచ్చినట్టు. నీళ్ల క్యాన్ల వ్యాపారం మొదలయ్యేదే ఆ వేళకు. రోజువారీ లెక్క యూటీసీ తేదీతో తీస్తే అర్ధరాత్రి నుంచి 5:30 దాకా వచ్చిన ప్రతి ఆర్డరూ నిన్నటి ఖాతాలో పడుతుంది. దాచేది యూటీసీలో దాచండి, రోజులుగా విడగొట్టేటప్పుడు మాత్రం భారత సమయానికి మార్చండి.

లేనిది, ఖాళీది. ఫ్లాట్ నంబరు గడి అసలు లేకపోవడం, నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) ఉండటం, ఖాళీ స్ట్రింగ్ ఉండటం మూడూ వేర్వేరు. ఒక్కోదానికి అర్థం ఏమిటో ఒప్పందంలో ఒక్కో వాక్యం రాసి పెట్టండి. ముఖ్యంగా మార్పు చేసే రిక్వెస్టుల్లో, "గడి పంపలేదు" అంటే పాతదే ఉంచాలి, "నల్" అంటే చెరిపేయాలి.

ఖాళీ ఆబ్జెక్ట్. ఇది పీహెచ్‌పీ ప్రత్యేకం. అందులో ఖాళీ అర్రేను జేసన్‌గా మారిస్తే చదరపు బ్రాకెట్లు వస్తాయి. అవతల జావా మీసాల బ్రాకెట్ల కోసం చూస్తుంటుంది. పది ఆర్డర్లున్న కస్టమర్‌కు పనిచేసి, కొత్త కస్టమర్‌కు మాత్రం పగిలిపోతోందంటే మొదట దీన్నే అనుమానించండి. పీహెచ్‌పీ వైపు దాన్ని ఆబ్జెక్ట్‌గా కాస్ట్ చేస్తే సరిపోతుంది.

## 4. సర్వీసు కట్టే క్రమం

ఈ వరుస తప్పొద్దు.

1. "బతికే ఉన్నాను" అని మాత్రమే చెప్పే హెల్త్ చిరునామా ఒకటి పెట్టి, దాన్ని ముందు అసలు సర్వర్ మీదకు ఎక్కించండి. మీ ల్యాప్‌టాప్ మీద అన్నీ కట్టి చివర్లో ఎక్కిస్తే డొమైన్, సర్టిఫికెట్, ఫైర్‌వాల్ గొడవలన్నీ ఒకేసారి మీద పడతాయి.
2. చదివే పని ఒకటి: ఒక ఆర్డర్ ఐడీ ఇస్తే వివరాలు ఇచ్చే గెట్.
3. ఎర్రర్ ఆకారం. అన్ని ఎర్రర్లకూ ఒకే రూపం: ఒక కోడ్, మనిషికి అర్థమయ్యే వాక్యం, ఏ గడిలో తప్పుందో దాని పేరు.
4. రాసే పని: కొత్త ఆర్డర్ పెట్టే పోస్ట్. దీనితోపాటే డూప్లికేట్ రాకుండా చూసే ఏర్పాటు. దాని సంగతి 9వ భాగంలో.
5. ఆథెంటికేషన్. ఒక్కో క్లయింట్‌కు వేరే కీ. అందరికీ ఒకే కీ ఇస్తే, ఒకచోట బయటపడ్డ రోజు అందరినీ ఆపాల్సి వస్తుంది.
6. లాగ్. ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక ట్రేస్ ఐడీ ఇచ్చి, దాన్ని రెస్పాన్స్ హెడర్‌లో తిరిగి పంపండి.

ఆరోది లగ్జరీ అనుకోకండి. కౌంటర్ మీద కుర్రాడు ఫోన్ చేసి "రావట్లేదన్నా" అంటే, స్క్రీన్ మీద కనిపించే ఆ ఐడీ చదివించుకుంటే చాలు. లేకపోతే లాగ్‌లో సమయం చూసి ఊహించుకోవాలి.

కీలు కోడ్‌లో రాయొద్దు, గిట్‌లోకి (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) అసలే వెళ్లొద్దు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టండి. ఒకసారి గిట్‌లోకి వెళ్లిన కీని తర్వాత తుడిచినా పాత కమిట్లలో ఉంటుంది. దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

## 5. ఏ భాషా లేకుండా ముందు పిలిచి చూడండి

క్లయింట్ కోడ్ రాయకముందు కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి సర్వర్‌ను పిలిచే టూల్), మాటలెక్కువ చెప్పే వెర్బోస్ మోడ్‌లో పిలవండి. వెళ్లిన ప్రతి హెడర్, వచ్చిన ప్రతి హెడర్ కనిపిస్తాయి. పనిచేసిన ఆ రిక్వెస్ట్‌ను అలాగే ఒక ఫైల్లో దాచండి. ఇక మీదట మీ కొలబద్ద అదే.

తర్వాత జావా నుంచో, పీహెచ్‌పీ నుంచో రాకపోతే, ఆ భాష పంపుతున్న రిక్వెస్ట్‌ను కూడా పట్టుకుని రెంటినీ పక్కపక్కన పెట్టండి. పట్టుకోవడానికి ఫిడ్లర్ లాంటి ప్రాక్సీ టూల్ (మధ్యలో కూర్చుని రాకపోకలు చూపించేది) వాడొచ్చు. అది కుదరకపోతే, వచ్చిన రిక్వెస్ట్‌ను ఉన్నదున్నట్టు ప్రింట్ చేసే చిన్న సర్వర్ ఒకటి మీ మెషీన్ మీదే నడపండి. చూడాల్సిన వరుస:

- పద్ధతి, చిరునామా, చివర స్లాష్ ఉందా లేదా
- కంటెంట్ టైప్, యాక్సెప్ట్
- ఆథరైజేషన్ హెడర్ వెళ్తోందా
- బాడీ, అక్షరం అక్షరం

తేడా దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింటిలోనే దొరుకుతుంది. నేనైతే ఈ పని చేయకుండా ఎవరి కోడూ చదవను.

ఒక మోసపు కేసు ఉంది. చిరునామాను ఎస్ లేని హెచ్‌టీటీపీతో ఇస్తారు, సర్వర్ 301తో సెక్యూర్ చిరునామాకు మళ్లిస్తుంది. చాలా క్లయింట్లు అలా మళ్లేటప్పుడు పోస్ట్‌ను గెట్‌గా మార్చేసి బాడీని వదిలేస్తాయి. "నేను పోస్ట్ పంపుతున్నా, సర్వర్ గెట్ అంటోంది" అని తలపట్టుకునేవాళ్ల కథ ఇదే. చిరునామాను మొదటి నుంచీ సెక్యూర్‌గా ఇవ్వండి.

## 6. ఒక్కో ఎన్విరాన్‌మెంట్ నుంచి కలపడం

జావా. జావా 11 నుంచి హెచ్‌టీటీపీ క్లయింట్ భాషలోనే ఉంది, కొత్త కోడ్‌కు అది చాలు. సోప్ క్లయింట్లు కట్టే జాక్స్-డబ్ల్యూఎస్, దాని టూల్ డబ్ల్యూఎస్‌ఇంపోర్ట్ మాత్రం అదే 11లో జేడీకే నుంచి తీసేశారు. జావా 8 కాలం నాటి పాఠాలు చూసి "కమాండ్ దొరకట్లేదు" అంటున్నవాళ్లు డిపెండెన్సీగా విడిగా చేర్చుకోవాలి. స్ప్రింగ్ బూట్ 3కి మారినవాళ్లు ప్యాకేజీ పేర్లు జావాఎక్స్ నుంచి జకార్తాకు మారాయన్నది కూడా చూసుకోండి. రెండూ కలిసిపోతే వచ్చే ఎర్రర్లు చదివితే ఏమీ అర్థం కావు.

జేసన్ చదివే జాక్సన్ 2 లైబ్రరీని నేరుగా వాడుతుంటే ఒక చిక్కు: తనకు తెలియని గడి జేసన్‌లో కనిపిస్తే డీఫాల్ట్‌గా ఎర్రర్ ఇస్తుంది. స్ప్రింగ్ బూట్ దీన్ని ముందే ఆపేసి ఉంచుతుంది కాబట్టి చాలామందికి తెలియదు. సర్వర్‌వాళ్లు ఒక కొత్త గడి చేర్చిన రోజు, ఏ మార్పూ చేయని మీ ప్రోగ్రాం పడిపోతుంది. తెలియని గడులను వదిలేయమని మొదటి రోజే సెట్ చేయండి.

డాట్‌నెట్. ప్రతి పిలుపుకూ కొత్త హెచ్‌టీటీపీ క్లయింట్ ఆబ్జెక్ట్ తయారుచేసి పారేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు. సాకెట్లు వెంటనే విడుదల కావు. ఉదయం బాగుండి, రద్దీ పెరిగేకొద్దీ కనెక్షన్లు దొరకవు. ఒక్కదాన్నే పదే పదే వాడండి, లేదా ఫ్యాక్టరీ ద్వారా తీసుకోండి. సోప్ కోసమైతే డాట్‌నెట్ ఎస్‌వీసీయుటిల్ టూల్ డబ్ల్యూఎస్‌డీఎల్ నుంచి క్లయింట్ తయారుచేస్తుంది.

డాట్‌నెట్‌లోనే ఉన్న సిస్టమ్ టెక్స్ట్ జేసన్ లైబ్రరీని డీఫాల్ట్ సెట్టింగులతో నేరుగా వాడితే, గడి పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉన్నా పట్టించుకుంటుంది. ఎర్రర్ ఇవ్వదు, గడిని ఖాళీగా వదిలేస్తుంది. బిల్లు మీద కస్టమర్ పేరు రాలేదంటే ఇదొకసారి చూడండి.

పైథాన్. రిక్వెస్ట్స్ లైబ్రరీలో డిక్షనరీని "డేటా" అనే పారామీటర్‌లో ఇస్తే అది ఫారంలా వెళ్తుంది, "జేసన్" అనే పారామీటర్‌లో ఇస్తేనే జేసన్‌గా వెళ్తుంది. 415, 422 వస్తే మొదట ఆ పదం చూడండి. సోప్‌కు జీప్ లైబ్రరీ ఉంది, బాగా పనిచేస్తుంది.

పీహెచ్‌పీ. సోప్ క్లయింట్ డబ్ల్యూఎస్‌డీఎల్‌ను క్యాష్ చేసుకుంటుంది, డీఫాల్ట్ గడువు 86400 సెకన్లు, అంటే ఒక రోజు. సర్వీసు మారినా మీ సైటు నిన్నటి ఫైలే చూస్తుంది. డెవలప్‌మెంట్‌లో ఆ క్యాష్ ఆపండి. ఇంకొకటి: జాబితాలో ఒక్క ఆర్డరే ఉంటే అర్రే బదులు ఒంటరి ఆబ్జెక్ట్ ఇస్తుంది. రెండుంటే అర్రే ఇస్తుంది. ఎప్పుడూ అర్రేనే ఇవ్వమనే ఆప్షన్ ఉంది, దాన్ని ఆన్ చేయండి.

బ్రౌజర్, నోడ్. ఫెచ్ (జావాస్క్రిప్ట్‌లో సర్వర్‌ను పిలిచే ఫంక్షన్) 404కూ 500కూ ఎర్రర్ విసరదు. ఓకే అనే గుణం చూసుకోవడం మీ బాధ్యత.

పోస్ట్‌మ్యాన్‌లో వచ్చి బ్రౌజర్‌లో రాకపోతే అది చాలావరకు కార్స్ (ఒక సైటు పేజీ ఇంకో డొమైన్‌ను పిలవొచ్చా అని బ్రౌజర్ చూసే నియమం). జేసన్ బాడీ గానీ, ఆథరైజేషన్ హెడర్ గానీ ఉంటే, బ్రౌజర్ అసలు రిక్వెస్ట్‌కు ముందు ఆప్షన్స్ అనే పద్ధతిలో అనుమతి అడుగుతుంది. ఆ ముందస్తు పిలుపులో ఆథరైజేషన్ హెడర్ ఉండదు. మీ సర్వర్‌లో లాగిన్ తనిఖీ ముందుండి, దానికి 401 ఇచ్చిందనుకోండి, అసలు రిక్వెస్ట్ బయల్దేరనే బయల్దేరదు. సర్వర్‌లో కార్స్ తనిఖీ ముందు, లాగిన్ తనిఖీ తర్వాత ఉండాలి. క్లయింట్ వైపు ఎంత కోడ్ మార్చినా దీనికి ఉపయోగం లేదు.

ఆండ్రాయిడ్. ఎమ్యులేటర్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఎమ్యులేటరే. మీ ల్యాప్‌టాప్‌ను చేరాలంటే 10.0.2.2 వాడాలి. డాకర్ కంటైనర్లలోనూ ఇదే కథ: లోపలి లోకల్‌హోస్ట్ ఆ కంటైనరే. ఆండ్రాయిడ్ 9 నుంచి సెక్యూర్ కాని హెచ్‌టీటీపీని యాప్ డీఫాల్ట్‌గా ఆపేస్తుంది.

ట్యాలీ. బేగంబజార్‌లో ఏ హోల్‌సేల్ దుకాణంతో పనిపడినా చివరికి ఇక్కడికే వస్తారు. ట్యాలీని సర్వర్‌గా పెడితే మామూలుగా 9000 పోర్ట్ మీద హెచ్‌టీటీపీలో ఎక్స్‌ఎంఎల్ తీసుకుంటుంది. ఇక్కడ స్టేటస్ 200 చూసి పని అయిందనుకోవద్దు. వోచర్ పడకపోయినా 200 రావచ్చు. వచ్చిన ఎక్స్‌ఎంఎల్ లోపల ఎన్ని సృష్టించింది, ఎన్ని ఎర్రర్లు అన్న లెక్క ఉంటుంది, అది చదవాలి.

పార్టీ పేరు "బాలాజీ & సన్స్" అయితే ఆ & గుర్తు ఎక్స్‌ఎంఎల్‌ను విరగ్గొడుతుంది. స్ట్రింగులు అతికించి ఎక్స్‌ఎంఎల్ తయారుచేయకండి, లైబ్రరీతో చేయించండి. గుర్తులను అదే ఎస్కేప్ చేస్తుంది.

## 7. తెలుగు పేర్లు, హైదరాబాద్ ఇంటి నంబర్లు

ఇంగ్లిష్ టెస్ట్ డేటాతో పరీక్ష పెట్టి పాసైపోయామనుకోవడం మన ఊళ్లో మామూలే. మొదటి తెలుగు చిరునామాతో అసలు బొమ్మ కనబడుతుంది.

"హైదరాబాద్" అనే మాట తీసుకోండి. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ పొడవు 9 అంటాయి. పీహెచ్‌పీలో స్ట్రెలెన్ 27 అంటుంది. రెండూ నిజమే: 9 యూనికోడ్ గుర్తులు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. కంటెంట్ లెంగ్త్ హెడర్‌ను చేత్తో లెక్కేసి 9 అని పంపితే సర్వర్ తొమ్మిది బైట్లు చదివి ఆగిపోతుంది, అంటే మూడు గుర్తులు. జేసన్ మధ్యలో తెగి 400 వస్తుంది. ఆ హెడర్‌ను లైబ్రరీకే వదిలేయండి.

ఒకే మాట రెండు రకాలుగా కూడా దాగి ఉండొచ్చు. "కూకట్‌పల్లి"లో ట్ తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. "హై"లోని ఐత్వం కూడా ఒకే గుర్తుగానో, రెండు గుర్తులుగానో రావచ్చు. చూడటానికి ఒకటే, పోలిస్తే వేర్వేరు. వెతకడానికి వాడే కాపీలో ఎన్‌ఎఫ్‌సీకి (ఒకే అక్షరాన్ని ఒకే రకంగా దాచే యూనికోడ్ రూపం) మార్చి, ఆ కనపడని గుర్తు తీసేయండి. చూపించే కాపీని మాత్రం ముట్టుకోవద్దు.

ఇక ఇంటి నంబర్లు. "6-3-712/ఏ/4" అన్న నంబరును చిరునామా దారిలో అలాగే పెడితే ఆ స్లాష్‌లు దారిని మూడు ముక్కలు చేసి 404 ఇప్పిస్తాయి. "#204" అని రాస్తే # తర్వాతదంతా సర్వర్‌కు చేరదు. ఇలాంటివి దారిలో పెట్టకుండా బాడీలో పంపండి. తప్పనిసరైతే ఎన్‌కోడ్ చేయండి. ఎవరైనా ఎక్సెల్ నుంచి కస్టమర్ల జాబితా ఇస్తే "1-2-33" తేదీగా మారిపోయిందేమో ముందు చూడండి. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టి మళ్లీ పంపమనండి.

పరీక్షకు ఈ ఐదు వరుసలు పెట్టుకోండి:

- నాన్ జాయినర్ ఉన్న కూకట్‌పల్లి, లేని కూకట్పల్లి
- స్లాష్ ఉన్న ఇంటి నంబరు
- # తో మొదలయ్యే ఫ్లాట్ నంబరు
- & ఉన్న దుకాణం పేరు
- పేరులో ఎమోజీ (మైఎస్‌క్యూఎల్ పాత యూటీఎఫ్8 సెట్టింగులో తెలుగు దాగుతుంది కానీ ఎమోజీ దాగదు, యూటీఎఫ్8ఎంబీ4 కావాలి)

## 8. సర్టిఫికెట్, ప్రాక్సీ, ఐపీ

అదే చిరునామా క్రోమ్‌లో తెరుచుకుంటుంది, జావాలో "పీకేఐఎక్స్ పాత్" అంటూ పడిపోతుంది. కారణం: జావాకు తన సొంత ట్రస్ట్‌స్టోర్ (నమ్మదగ్గ సర్టిఫికెట్ల జాబితా) ఉంటుంది, పైథాన్ రిక్వెస్ట్స్ సర్టిఫై అనే ప్యాకేజీని చూస్తుంది, విండోస్ మీద డాట్‌నెట్ విండోస్ స్టోర్‌ను చూస్తుంది. సర్వర్‌వాళ్లు మధ్యస్థ సర్టిఫికెట్ పెట్టడం మరిచిపోతే క్రోమ్ దాన్ని తనే తెచ్చుకోగలదు, జావా, పైథాన్ మామూలుగా తెచ్చుకోవు. సర్వర్‌లో పూర్తి చెయిన్ పెట్టించండి.

సర్టిఫికెట్ తనిఖీని ఆపేసే సెట్టింగ్ ప్రతి భాషలోనూ ఉంది. టెస్టింగ్‌కని ఆపి, అలాగే లైవ్‌కు పంపేస్తారు. నా మాట వినండి, దాన్ని ఒక్క నిమిషం కూడా వాడకండి. కావాల్సిన సర్టిఫికెట్‌ను స్టోర్‌లో చేర్చడం పది నిమిషాల పని.

ఆఫీసు ప్రాక్సీ వెనక ఉంటే, కర్ల్, పైథాన్ రిక్వెస్ట్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోని ప్రాక్సీని తీసుకుంటాయి. జావా తీసుకోదు, దానికి సిస్టమ్ ప్రాపర్టీలుగా విడిగా ఇవ్వాలి. కర్ల్‌తో వస్తుంది, జావాతో వేలాడుతుంది అంటే ఇదే.

అవతలివాళ్లు ఐపీ వైట్‌లిస్ట్ చేశారా (ఒప్పుకున్న ఐపీల నుంచి మాత్రమే రానిస్తున్నారా)? ఆఫీసులో ఉన్నంతసేపూ వస్తుంది, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజు నిజాంపేటలో ఇంటి నుంచి రాదు. కోడ్ మార్చే ముందు మీ బయటి ఐపీ ఏమిటో చూసుకోండి. సర్వర్‌కు మారని ఐపీ తీసుకుని, దాన్నే వైట్‌లిస్ట్‌కు ఇవ్వండి.

## 9. టైమౌట్, మళ్లీ ప్రయత్నం, డబుల్ ఆర్డర్

డీఫాల్ట్‌లను నమ్మొద్దు. పైథాన్ రిక్వెస్ట్స్‌కు టైమౌట్ ఇవ్వకపోతే ఎంతసేపైనా ఆగుతుంది. జావా హెచ్‌టీటీపీ క్లయింట్ కూడా అంతే. డాట్‌నెట్‌లో 100 సెకన్లు. కౌంటర్ ముందు కస్టమర్ నిలబడి ఉండగా వంద సెకన్లంటే టెన్షనే. కనెక్ట్ కావడానికి 3 సెకన్లు, జవాబుకు 10 సెకన్లు పెట్టి మొదలుపెట్టండి. లాగ్ చూసి సవరించుకోండి.

మళ్లీ ప్రయత్నించేటప్పుడు మొదట అడగాల్సింది: ఇది రెండోసారి జరిగితే నష్టమా? గెట్ ఎన్నిసార్లయినా పిలవొచ్చు. కొత్త ఆర్డర్ పెట్టే పోస్ట్ అలా కాదు. టైమౌట్ వచ్చిందంటే ఆర్డర్ పడలేదని కాదు, జవాబు మీ దాకా రాలేదని మాత్రమే అర్థం. గుడ్డిగా మళ్లీ పంపితే ఒకే ఇంటికి రెండు క్యాన్లు వెళ్తాయి.

పరిష్కారం ఇది:

1. కస్టమర్ బటన్ నొక్కిన క్షణమే క్లయింట్ ఒక యూయూఐడీ (మరోసారి రాని పొడవాటి ఐడీ) తయారుచేయాలి. ప్రయత్నానికోటి తయారుచేస్తే ఉపయోగం లేదు.
2. అన్ని ప్రయత్నాల్లోనూ అదే యూయూఐడీ ఒక హెడర్‌లో వెళ్లాలి.
3. సర్వర్ దాన్ని డేటాబేస్‌లో యూనిక్ కాలమ్‌లో దాచాలి. "ఉందా" అని వెతికి తర్వాత చేర్చే పద్ధతి వద్దు. రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండూ లేదనుకుంటాయి.
4. రెండోసారి అదే వస్తే కొత్త ఆర్డర్ పెట్టకుండా మొదటి జవాబే తిరిగి పంపాలి.

ప్రయత్నాల మధ్య విరామం పెంచుతూ పోండి: 1, 2, 4 సెకన్లు, కాస్త అటూ ఇటూగా. 429 వస్తే రిట్రై ఆఫ్టర్ హెడర్‌లో చెప్పినంత సేపు ఆగండి. 400, 401, 403 వస్తే మళ్లీ పంపి లాభం లేదు.

పేమెంట్ గేట్‌వే వెబ్‌హుక్‌లు (ఏదైనా జరిగితే గేట్‌వేనే మీ సర్వర్‌ను పిలిచే పిలుపులు) ఒకటికి రెండుసార్లు రావచ్చు, వరుస తప్పి కూడా రావచ్చు. వాటికీ ఇదే పద్ధతి. పిలిచింది గేట్‌వేనేనని చెప్పే సంతకం తనిఖీ చేసేటప్పుడు వచ్చిన బాడీని ఉన్నదున్నట్టు వాడండి. జేసన్‌గా చదివి మళ్లీ రాస్తే ఒక్క ఖాళీ మారినా సంతకం కలవదు.

## 10. నంబరు చూసి ఎక్కడికి వెళ్లాలి

- 400: బాడీ తెగిందా, కామా ఎక్కువైందా
- 401: కీ లేదు, గడువు దాటింది, లేదా హెడర్ దారిలో పోయింది
- 403: మీరెవరో తెలుసు, అనుమతి లేదు. ఐపీ వైట్‌లిస్ట్ కూడా చూడండి
- 404: చివరి స్లాష్, వెర్షన్, ఎన్‌కోడ్ కాని గుర్తు
- 405: పద్ధతి తప్పు, లేదా మధ్యలో 301
- 415: కంటెంట్ టైప్
- 500: సర్వర్ లాగ్. సోప్ 1.1లో అయితే ఫాల్ట్‌లన్నీ 500తోనే వస్తాయి, బాడీ చదవండి
- 502, 504: మీ సర్వీసు ముందున్న ప్రాక్సీ మాట్లాడుతోంది. వెనకున్నది పడిపోయిందా, ఆలస్యమా?
- నంబరే రాలేదు: డీఎన్‌ఎస్, ఫైర్‌వాల్, సర్టిఫికెట్. సర్వీసు 127.0.0.1 మీద మాత్రమే వింటోందేమో చూడండి, బయటివాళ్లకు వినపడాలంటే 0.0.0.0 కావాలి

## 11. లైవ్‌కు ముందు, లైవ్ తర్వాత

- [ ] ప్రతి క్లయింట్‌కూ వేరే కీ, గిట్‌లో ఏదీ లేదు
- [ ] ప్రతి పిలుపుకూ టైమౌట్
- [ ] పోస్ట్‌ను రెండుసార్లు పంపి చూశాం, ఒక్క ఆర్డరే పడింది
- [ ] తెల్లవారుజామున 5 గంటల ఆర్డర్ ఈ రోజు లెక్కలోనే ఉంది
- [ ] 7వ భాగంలోని ఐదు వరుసలూ అన్ని క్లయింట్ల నుంచీ వెళ్లి అలాగే తిరిగొచ్చాయి
- [ ] ఖాళీ జాబితా, ఒకటే ఉన్న జాబితా, పది ఉన్న జాబితా పరీక్షించాం
- [ ] సర్టిఫికెట్ గడువుకు ముందు గుర్తుచేసే ఏర్పాటు ఉంది
- [ ] సర్వీసు ఆపి చూశాం, కౌంటర్ పీసీ అర్థమయ్యే మెసేజ్ చూపించింది

లైవ్ అయ్యాక కొత్త గడి చేర్చడం మామూలుగా ఇబ్బంది కాదు. గడి పేరు మార్చడం, రకం మార్చడం, తప్పనిసరి చేయడం మాత్రం పాత క్లయింట్లను పడగొడుతుంది. అలాంటి మార్పుకు చిరునామాలో కొత్త వెర్షన్ పెట్టి, పాతదాన్నీ నడుపుతూ ఉండండి.

పాతదాన్ని ఎప్పుడు తీసేయాలన్నది లాగ్ చెబుతుంది, వాట్సాప్ గ్రూపులో "అందరూ అప్‌డేట్ చేశారా" అన్న మెసేజ్ చెప్పదు. ప్రతి కీకి ఎవరు ఏ వెర్షన్ పిలుస్తున్నారో లెక్క తీయండి. పాత చిరునామాకు నిండా నెల రోజులు ఒక్క రిక్వెస్ట్ కూడా రాకపోతేనే ఆపండి. వారం చాలదు, ఎందుకంటే నెలాఖరు లెక్కలకు మాత్రమే నడిచే స్క్రిప్ట్ ఒకటి ఎక్కడో ఓ పీసీలో ఉండనే ఉంటుంది.